చేతి స్క్రూడ్రైవర్లలో రకాలు, తేడాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీలు, బోరు స్టార్టర్లు రిపేరు చేస్తుంటాను. షాపుకొచ్చే సామానులో అసలు జబ్బు చాలాసార్లు చిన్నదే, పది నిమిషాల పని. కానీ అంతకుముందే ఇంట్లో ఎవరో చేతికి దొరికిన స్క్రూడ్రైవర్ పెట్టి బలంగా తిప్పి, స్క్రూ తల కొరికేసి తెస్తారు. ఆ ఒక్క స్క్రూ తీయడానికే గంట పడుతుంది. అందుకే ఎవరు ఏమడిగినా ఓపిగ్గా చెబుతుంటాను. ఎక్కువసార్లు అడిగినవి ఇక్కడ రాస్తున్నాను. మిషన్ డ్రిల్లులు, బ్యాటరీ డ్రైవర్ల జోలికి పోవడం లేదు, చేత్తో తిప్పేవాటి గురించే.

ఇంట్లో ఒక ప్లస్, ఒక మైనస్ ఉంటే చాలదా?

చాలదు. ఒక్క ప్లస్ అన్నమాటలోనే కనీసం మూడు రకాల మొనలు, వాటిలో మళ్లీ నాలుగైదు సైజులు ఉన్నాయి. కంటికి అన్నీ ఒకేలా కనబడతాయి, చిక్కంతా అక్కడే. తాళం చెవి వేరేదైతే తాళం అసలు తిరగదు కాబట్టి మనకు వెంటనే తెలుస్తుంది. స్క్రూడ్రైవర్ మాత్రం సరిపోకపోయినా కొంచెం తిరుగుతుంది, ఇంకొంచెం తిరుగుతుంది, ఆ తర్వాత గర్రుమని జారి స్క్రూ గాడిని చెక్కేస్తుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది.

స్టార్ స్క్రూడ్రైవర్ కావాలంటే షాపువాళ్లు ఒక్కోసారి ఒక్కోటి ఇస్తున్నారు. స్టార్ అంటే అసలు ఏది?

మన వైపు పేర్లతో ఇదే తంటా. పాలమూరులోనైనా నల్లగొండలోనైనా హార్డ్‌వేర్ షాపులో స్టార్ అంటే సాధారణంగా ప్లస్ గుర్తు మొనే ఇస్తారు. సెల్‌ఫోన్ రిపేరు దుకాణంలో అదే మాట అంటే ఆరు రేకుల పువ్వులాంటి మొన తీసి ఇస్తారు, దాని పేరు టార్క్స్. పెద్దవాళ్లు ఇంకా పేచ్‌కస్ అంటారు, ఆ మాట అన్ని స్క్రూడ్రైవర్లకూ పనికొస్తుంది. కాబట్టి పేరు చెప్పి కొనకండి, ఊడదీసిన స్క్రూ ఒకటి జేబులో వేసుకుని వెళ్లి కౌంటర్ మీద పెట్టండి. స్క్రూ ఊడిరాకపోతే దాని తలను దగ్గరి నుంచి ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్లండి.

ప్లస్ స్క్రూడ్రైవర్ ఎందుకు అంత తేలిగ్గా జారిపోతుంది?

ఎక్కువసార్లు సైజు తప్పు కావడం వల్ల. ప్లస్ మొనలకు నంబర్లు ఉంటాయి, పిడి మీదో కడ్డీ మీదో పీహెచ్0, పీహెచ్1, పీహెచ్2, పీహెచ్3 అని రాసి ఉంటుంది. ల్యాప్‌టాప్, రిమోట్, కళ్లద్దాల్లాంటి చిన్నవాటికి 0, అంతకంటే చిన్న 00, 000. 2.5, 3 మిల్లీమీటర్ల స్క్రూలకు 1. ఇంట్లో కనిపించే 3.5 నుంచి 5 మిల్లీమీటర్ల స్క్రూలకు, అంటే స్విచ్‌బోర్డు, తలుపు బందు, మిక్సీ అడుగు, ఫ్యాన్ రెక్కలు ఇలాంటివాటికి చాలావరకు 2. 6 మిల్లీమీటర్ల స్క్రూకు 3. ఇంట్లో ఎక్కువమంది దగ్గర ఉండేది 1 నంబరు, అది 2 నంబరు గాడిలో కూడా దూరుతుంది, దూరింది కదా అని తిప్పుతారు, లోపల మొన చివర మాత్రమే ఆనుతుంది, రెక్కలు గాడి గోడలకు తగలవు, బలం పెట్టగానే జారుతుంది.

రెండో కారణం ఆ మొన ఆకారమే. పీహెచ్ అని రాసి ఉండే ఈ మామూలు ప్లస్ మొన పేరు ఫిలిప్స్. దాని రెక్కలు కిందికి పోయేకొద్దీ సన్నబడతాయి, తిప్పే బలం ఆ వాలు మీద పడి మొనను బయటికి నెట్టేస్తుంది. 1936లో అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేరు మీద పేటెంట్లు వచ్చాయి. కార్ల ఫ్యాక్టరీల్లో మిషన్‌తో గబగబా బిగించేటప్పుడు మొన దానంతటదే గాడి మధ్యలోకి చేరడం దీని గొప్పతనం. ఎక్కువ బిగిస్తే స్క్రూ తెగకుండా కావాలనే జారేలా చేశారని చాలామంది చెబుతారు. మొదటి పేటెంట్‌లో ఆ మాట లేదు, 1949లో వచ్చిన తర్వాతి పేటెంట్‌లో అది ఒక గుణంగా రాశారు. ఎలా వచ్చినా మనకు పనికొచ్చే సంగతి ఇది: ఫిలిప్స్ స్క్రూ మీద తిప్పే బలం కంటే అదిమే బలం ఎక్కువ ఉండాలి. బాగా బిగిసిన స్క్రూ అయితే పిడి వెనక అరచేయి పెట్టి ఒంటి బరువు మోపి, ఆ తర్వాత నెమ్మదిగా తిప్పండి.

సైజు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

నేను చేసే పద్ధతి చెబుతాను. మొన గాడిలో పెట్టి తిప్పకుండా, పిడిని రెండు వేళ్లతో పట్టుకుని ఎడమకు కుడికి మెల్లగా కదిలిస్తాను. సరైనదైతే కదలిక దాదాపు ఉండదు, రాయిలో దిగినట్టు కూర్చుంటుంది. సైజు చిన్నదైతే టక్ టక్‌మని ఖాళీ వేళ్లకు తెలుస్తుంది. పెద్దదైతే మొన పూర్తిగా దిగదు, పైపైన నిలబడి ఊగుతుంది. బయట ఉన్న స్క్రూ అయితే మొనకు తగిలించి స్క్రూడ్రైవర్‌ను అడ్డంగా పట్టుకోండి, అయస్కాంతం లేకపోయినా సరైన ఫిలిప్స్ మొన మీద స్క్రూ కాసేపు నిలబడుతుంది. గాడిలో మట్టి, రంగు, గ్రీజు ఉంటే ఈ పరీక్ష పనిచేయదు. ముందు గుండుసూదితో గాడి గోకి శుభ్రం చేయండి. బోరు స్టార్టర్ డబ్బాల్లో ఎర్రమట్టి దుమ్ము గట్టిగా పేరుకుని ఉంటుంది, అది తీయకుండా మొన పెడితే సగం లోతే దిగుతుంది.

ప్లస్‌లోనే మూడు రకాలు అన్నారు. ఏమిటవి?

ఫిలిప్స్, పోజిడ్రైవ్, జపాన్ వాళ్ల జేఐఎస్.

పోజిడ్రైవ్ స్క్రూ తల చూస్తే ప్లస్ గాడితో పాటు, ఆ నాలుగు చేతుల మధ్య నాలుగు సన్నటి గీతలు కనబడతాయి, మొత్తం ఎనిమిది కిరణాల నక్షత్రంలా ఉంటుంది. దాని స్క్రూడ్రైవర్ మీద పీజెడ్1, పీజెడ్2 అని ఉంటుంది, మొన రెక్కల మధ్య కూడా చిన్న చిన్న పక్కటెముకలు ఉంటాయి. దీని గోడలు ఫిలిప్స్ అంత వాలుగా ఉండవు కాబట్టి అంత తేలిగ్గా జారదు. మన దగ్గర ఇది ఎక్కడుంది అంటారేమో, రెండు చోట్ల మీరు రోజూ చూస్తున్నారు. ఒకటి, మాడ్యులర్ కిచెన్ అల్మారా తలుపుల లోపలి బందులు, వాటిని అటూ ఇటూ సవరించే స్క్రూలు. రెండోది, ఎంసీబీ టెర్మినళ్లు, అంటే కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్‌లో వైర్లు బిగించే చోట్లు. చాలా ఎంసీబీల స్క్రూ తల పోజిడ్రైవ్, మైనస్ రెండూ కలిసిన ఆకారంలో ఉంటుంది. అందులో ఫిలిప్స్ పెట్టి తిప్పితే తిరుగుతుంది, కానీ గట్టిగా బిగిసేలోపే జారుతుంది, వైరు లూజుగా ఉండిపోతుంది, ఎండాకాలం కూలర్లు, ఏసీలు నడిచేటప్పుడు ఆ జాయింటు వేడెక్కి ప్లాస్టిక్ నల్లబడుతుంది. మా ఏరియాలో కాలిపోయిన ఎంసీబీ చూడటానికి పిలిచినప్పుడల్లా నేను ముందు ఆ స్క్రూ ఎంత లూజుగా ఉందో చూస్తాను. రెండూ కలిసిన మొనతో ప్రత్యేక స్క్రూడ్రైవర్లు కూడా దొరుకుతాయి. ప్యానల్ బోర్డుల పని చేసేవాళ్లు ఒకటి కొనుక్కుంటే పెట్టిన డబ్బు వృథా కాదు.

ఇక జేఐఎస్. జపాన్ డిజైన్ మీద వచ్చిన పాత బైకుల కార్బొరేటర్, సైడ్ కవర్లు, కొన్ని టేప్‌రికార్డర్లు, కెమెరాలు, కుట్టుమిషన్లలో ఈ స్క్రూలు ఉంటాయి. కొన్నిటి తల మీద గాడి పక్కన సూదితో పొడిచినట్టు చిన్న చుక్క ఉంటుంది, అది గుర్తు. గాడి మూలలు ఫిలిప్స్ కంటే పదునుగా ఉంటాయి, ఫిలిప్స్ మొన అందులో పూర్తిగా అడుగుదాకా దిగదు. బైకు మెకానిక్‌లు కార్బొరేటర్ గిన్నె స్క్రూలు పాడవుతున్నాయని ఊరికే స్క్రూలను తిట్టుకుంటారు, అవి మెత్తని లోహంతో ఉండటం నిజమే కానీ జేఐఎస్ మొన పెడితే అదే స్క్రూ మెత్తగా ఊడివస్తుంది. జేఐఎస్ డ్రైవర్ ఫిలిప్స్ స్క్రూకు కూడా చాలావరకు సరిపోతుంది. ఫిలిప్స్ డ్రైవర్ జేఐఎస్ స్క్రూకు సరిపోదు. కాబట్టి బైకు పని ఎక్కువగా చేసేవాళ్లు జేఐఎస్ 2 నంబరు కొనడం మంచిది.

మైనస్ స్క్రూలు తగ్గిపోయాయి కదా, మైనస్ డ్రైవర్ ఇంకా అవసరమా?

అవసరమే. పాత తలుపులు, పాత మీటరు బోర్డులు, కనెక్టర్ స్ట్రిప్పులు, స్టార్టర్ రిలే టెర్మినళ్లు, వాటర్ పైపు క్లిప్పులు అన్నీ ఇంకా గీత తలవే. మైనస్‌లో రెండు ఆకారాలున్నాయి, ఇది చాలామంది గమనించరు. ఒక రకంలో మొన దగ్గర వెడల్పై గరిటెలా ఉంటుంది. రెండో రకంలో కడ్డీ ఎంత వెడల్పో మొనా అంతే, నిటారుగా ఉంటుంది. లోతైన రంధ్రంలో ఉన్న స్క్రూకు గరిటె ఆకారం దిగదు, చుట్టూ ప్లాస్టిక్‌ను గీరుతుంది. కరెంటు టెర్మినళ్లకు నిటారు మొన తీసుకోండి.

సైజు ఎంచుకోవడం సులభం: మొన వెడల్పు గీత పొడవంత ఉండాలి, మొన మందం గీత సందును నింపాలి. మందం విషయమే అందరూ మర్చిపోతారు. సన్నని మొన గీతలో మూలల మీద మాత్రమే ఆనుతుంది, అక్కడ గీత అంచు విరుగుతుంది. అన్నట్టు మైనస్ స్క్రూడ్రైవర్‌తో డబ్బా మూతలు లేపడం, సిమెంటు చెక్కడం, గడ్డపారలా వాడటం మన దగ్గర మామూలే. ఆ పనికి పాతది ఒకటి విడిగా పెట్టుకోండి, స్క్రూలకు వాడేది దాని జోలికి తీసుకెళ్లకండి.

టార్క్స్, అలెన్, చదరం మొనలు ఎప్పుడు కావాలి?

టార్క్స్ 1967లో అమెరికాలో కామ్‌కార్ కంపెనీ తెచ్చింది. గోడలు నిటారుగా ఉంటాయి కాబట్టి అదిమి పట్టకపోయినా జారదు, చేతికి ఇంత హాయిగా ఉండే మొన ఇంకోటి లేదు. టీ10, టీ15, టీ20, టీ25 ఇలా నంబర్లు. గ్రైండర్, డ్రిల్లు మిషన్ల బాడీలకు టీ15, టీ20 తరచుగా తగులుతాయి. ఫోన్లు, హార్డ్‌డిస్కుల్లో చిన్నవి ఉంటాయి. కొన్నిటికి గాడి మధ్యలో చిన్న మేకులా పొడుచుకు వచ్చి ఉంటుంది, ఎవరుబడితే వాళ్లు విప్పకూడదని. దానికి మొన మధ్యలో చిల్లు ఉన్న టార్క్స్ కావాలి. పక్క సైజు టార్క్స్‌ను గుద్ది దింపే ప్రయత్నం చేయకండి, ఆరు రేకులూ గుండ్రంగా అయిపోతాయి.

అలెన్ గురించి పెద్దగా చెప్పేది లేదు, ఆరు మూలల గాడి, మిల్లీమీటర్లలో సైజులు. అంగుళాల సెట్టును మిల్లీమీటర్ల స్క్రూకు వాడకూడదు, అంతే.

చదరం మొన కెనడాలో పీటర్ రాబర్ట్‌సన్ 1908లో కనిపెట్టాడు. మైనస్ డ్రైవర్ జారి చెయ్యి కోసుకున్నాకే ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు. మన దుకాణాల్లో అరుదు, విదేశీ ఫర్నిచర్‌లో కనబడితే కంగారు పడకుండా గుర్తుపట్టడానికి చెబుతున్నాను.

పొడుగు స్క్రూడ్రైవర్‌కు బలం ఎక్కువ ఉంటుందా?

ఉండదు. పాన పొడుగైతే బలం పెరుగుతుంది కాబట్టి ఇదీ అంతే అనుకుంటారు. పాన పక్కకు తిరుగుతుంది, స్క్రూడ్రైవర్ కడ్డీ ఉన్నచోటే తిరుగుతుంది. బలం పెరిగేది పిడి లావును బట్టి. లావు పిడి అరచేతికి నిండుగా వస్తుంది, తక్కువ శ్రమతో ఎక్కువ తిరుగుతుంది. పొడుగు కడ్డీతో వేరే లాభం ఉంది, చేయి కొంచెం పక్కకు వంగినా మొన స్క్రూ మీద నిటారుగానే ఉంటుంది. మిక్సీ అడుగున లోతైన రంధ్రాల్లో దాక్కున్న స్క్రూలకు కూడా పొడుగు, సన్నం కడ్డీ ఉండాల్సిందే. కొన్ని మంచి స్క్రూడ్రైవర్లకు కడ్డీ పిడిని కలిసే చోట ఆరు పలకల కట్టు ఉంటుంది, దానికి పాన పట్టించి తిప్పవచ్చు. అప్పుడు మాత్రం నిజంగా బలం పెరుగుతుంది, మొన విరగకుండా చూసుకోవాలి.

టెస్టర్‌తో స్క్రూలు బిగించవచ్చా?

చిన్నవి, మెత్తగా తిరిగేవి అయితే పర్వాలేదు. గట్టి స్క్రూలకు వద్దు. టెస్టర్ పారదర్శకమైన పిడి లోపల చిన్న నియాన్ బల్బు, దాని వెనక సుమారు 10 లక్షల ఓంల రెసిస్టర్, ఒక స్ప్రింగ్ ఉంటాయి. 230 వోల్టులను 10 లక్షలతో భాగిస్తే 0.23 మిల్లీ ఆంపియర్, ఒంట్లోంచి పోయేది అంతకుమించదు కాబట్టే మనకు షాక్ తెలియదు. గట్టిగా తిప్పితే పిడి పగులుతుంది, లోపలికి చెమ్మ చేరుతుంది, రెసిస్టర్‌ను తప్పించుకుని పోయే పక్కదారి కరెంటుకు దొరికితే ఆ రక్షణ పోతుంది. పిడి పగిలిన టెస్టర్‌కు టేపు చుట్టి వాడేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది.

టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేనట్టే కదా?

కాదు. దయచేసి దీని మీద ప్రాణం పెట్టకండి. మిట్ట మధ్యాహ్నం పొలంలో ఎండ వెలుతురుకు ఆ చిన్న నారింజ వెలుగు కనబడనే కనబడదు. రబ్బరు చెప్పులతో ఎండిన చెక్క బల్ల మీద నిలబడితే మసకగా వెలుగుతుంది. బల్బు పోయి ఉండవచ్చు.

నా అనుభవం ఒకటి చెబుతాను. దేవరకొండ వైపు ఒక రైతు బోరు స్టార్టర్ చూడటానికి పోయాను. వేప చెట్టు కింద రేకు డబ్బా, సింగిల్ ఫేజ్ మోటారు. మెయిన్ తీశాను, టెస్టర్ పెట్టాను, వెలగలేదు. తర్వాత మైనస్ స్క్రూడ్రైవర్ పెడితే దాని మొన కెపాసిటర్ కాళ్లకు తగిలింది, ఫట్‌మని నీలం మెరుపు, మొన మూల కరిగి చిన్న పూసలా అయింది. కెపాసిటర్‌లో నిలవ ఉన్న కరెంటు అది, మెయిన్ తీసినా అందులో ఉండిపోతుంది, టెస్టర్ దాన్ని చూపించదు. ఆ స్క్రూడ్రైవర్ ఇప్పటికీ నా పెట్టెలో ఉంది, పని నేర్చుకునే పిల్లలకు ఆ కరిగిన మూలను వేలితో తడిమి చూడమంటాను. అప్పటినుంచి హోల్డర్‌కు రెండు వైర్లు కట్టిన ఫిలమెంటు ఉండే పాతరకం 100 వాట్ల బల్బును కెపాసిటర్ కాళ్లకు తాకించి ఖాళీ చేశాకే లోపల చేయి పెడతాను. కరెంటు ఉందో లేదో చూడటానికి మల్టీమీటరు వాడండి. అదీ ముందు కరెంటు ఉన్న చోట పెట్టి పనిచేస్తుందో లేదో చూసి, తర్వాత పని చోట పెట్టండి.

పిడి ప్లాస్టిక్ కదా, ఏ స్క్రూడ్రైవర్ అయినా షాక్ కొట్టదుగా?

ప్లాస్టిక్ పిడి ఉన్నంత మాత్రాన కరెంటు పనికి తగినది కాదు. కరెంటు పని కోసం చేసినదాని మీద రెండు త్రిభుజాలు ఒకదాని మీద ఒకటి వేసిన గుర్తు, 1000 వోల్ట్ అని ఉంటుంది. ఐఈసీ 60900 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వచ్చేవి ఇవి, ఒక్కోదాన్ని 10,000 వోల్టుల దగ్గర పరీక్షించి పంపుతారు. మొన చివర కొద్దిగా తప్ప కడ్డీ మొత్తం తొడుగు ఉంటుంది. ఆ తొడుగు ముఖ్యం, ఎందుకంటే ప్యానల్‌లో పని చేసేటప్పుడు కడ్డీ పక్క ఫేజుకు తగిలి షార్ట్ కావడమే ఎక్కువగా జరుగుతుంది. ఇంట్లో సొంతంగా స్లీవ్ తొడిగితే షార్ట్ కొంత తప్పవచ్చు, దాన్ని నమ్ముకుని లైవ్ లైను మీద పనిచేయకూడదు. తొడుగు మీద కోత పడితే అది ఇక మామూలు స్క్రూడ్రైవర్ కిందే లెక్క.

ఇంకో రకం ఉంది, కడ్డీ పిడిలోంచి వెనకదాకా వచ్చి చివర లోహపు టోపీ ఉంటుంది, సుత్తితో కొట్టడానికి. వడ్రంగులు, బైకు మెకానిక్‌లు వాడుకునేది. దాన్ని కరెంటు దగ్గరకు అస్సలు తీసుకుపోకండి, మొనకు తగిలిన కరెంటు నేరుగా అరచేతికి వస్తుంది.

రాట్చెట్ స్క్రూడ్రైవర్ కొనడం దండగా?

దండగ కాదు, పని ఎక్కువైతే మణికట్టుకు చాలా సుఖం. పిడిని వదలకుండా ముందుకూ వెనక్కూ ఆడిస్తే చాలు, టిక్ టిక్‌మంటూ ఒకవైపే బిగుస్తుంది. మెడ దగ్గర మీటకు మూడు స్థానాలు: బిగించడం, విప్పడం, మధ్యలో పెడితే లాక్. గట్టిగా బిగిసిన స్క్రూను మొదట కదిలించేటప్పుడు లాక్‌లో పెట్టండి, లేకపోతే లోపలి చిన్న పళ్లు విరుగుతాయి. చవక రాట్చెట్లలో ఆ పళ్లే ముందు పోతాయి.

ఇందులో పాతకాలపు గొప్ప రకం ఒకటుంది, కడ్డీ మీద మెలిక గాడులు ఉంటాయి, పిడిని నెడితే మొన గిర్రున తిరుగుతుంది. ఫిలడెల్ఫియాలో నార్త్ బ్రదర్స్ కంపెనీ యాంకీ పేరుతో అమ్మేది, 1946లో స్టాన్లీ దాన్ని కొన్నది. బ్యాటరీ డ్రైవర్లు రాకముందు వడ్రంగులకు అదే వేగం. అలాంటిది చేతికొస్తే లాక్ విప్పేటప్పుడు మొహానికి దూరంగా పట్టుకోండి, లోపలి స్ప్రింగ్ మొనను బాణంలా వదులుతుంది.

సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ ఎలా పనిచేస్తుంది?

బైకు సైడ్ కవర్ స్క్రూలు, తుప్పు పట్టిన మోటారు మూతలు విప్పడానికి నాకు తెలిసి ఇంతకు మించింది లేదు. లావు ఇనుప పిడి, లోపల ఏటవాలు గాడి. వెనక సుత్తితో కొడితే ఆ దెబ్బ మొనను గాడిలోకి అదుముతూనే కొద్దిగా తిప్పుతుంది. రెండూ ఒకే క్షణంలో జరుగుతాయి కాబట్టి జారే అవకాశం ఉండదు, పైగా దెబ్బ అదురుకు తుప్పు పట్టు విడిచిపోతుంది. కొట్టే ముందు పిడిని విప్పే వైపు తిప్పి బిగువుగా పట్టుకోవాలి, చాలామంది ఈ ఒక్కటి మర్చిపోయి పనిచేయడం లేదంటారు. దిశ మార్చడం మీ చేతిలో ఉంది, తప్పు దిశలో ఉంటే ఇంకా బిగిస్తుంది. కిలో సుత్తితో రెండు మూడు గట్టి దెబ్బలు చాలు, చిన్న సుత్తితో ఇరవై దెబ్బలు కొట్టడం వల్ల తలే పాడవుతుంది. ప్లాస్టిక్ బాడీలు, పల్చని పోత లోహం మీద వాడకండి, పగులుతాయి. కళ్లద్దాలు పెట్టుకోండి.

పొట్టివి, వంకరవి ఎందుకు?

చోటు లేని దగ్గరికి. స్టవ్ అడుగు, సింక్ కింద, సీటు కింద లాంటి చోట అరచేతిలో ఇమిడే పొట్టి స్క్రూడ్రైవర్. అదీ పట్టకపోతే రెండు చివరలా మొనలు వంచిన కడ్డీ. ఇక కళ్లద్దాలకు, గడియారాలకు వాడే సన్నవాటి వెనక తిరిగే టోపీ ఉంటుంది, చూపుడు వేలు అక్కడ ఆనించి బొటనవేలు, మధ్యవేలితో తిప్పాలి.

మొనకు అయస్కాంతం ఉండాలా?

నిచ్చెన ఎక్కి పైకప్పు దగ్గర ఫ్యాన్ స్క్రూ పెట్టేటప్పుడు ఉండాలనిపిస్తుంది. మోటారు వైండింగ్ దగ్గర నేను వాడను, ఇనుప రజను అంటుకుని వచ్చి లోపల రాలుతుంది. చేతి గడియారాలకు అసలు వద్దు.

తల పాడైపోయింది, ఇప్పుడెలా తీయాలి?

ముందు ఆగండి, ఇంకో నాలుగుసార్లు తిప్పితే ఉన్న గాడి కూడా పోతుంది. తుప్పు విడిపించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఒక సైజు పెద్ద మొన గానీ, మంచి కొత్త మొన గానీ పెట్టి వెనక సుత్తితో తట్టి కూర్చోబెట్టండి. సైకిల్ ట్యూబు ముక్క పల్చనిది మధ్యలో పెట్టి అదిమి తిప్పితే తేలిగ్గా పాడైనవి వస్తాయి, బాగా బిగిసినవాటికి అది పనిచేయదు. ఇంజిన్ వాల్వులు రుద్దే పేస్టు చుక్క మొనకు రాస్తే ఆ గరుకుకు పట్టు దొరుకుతుంది. తల పైకి ఉంటే హాక్సా బ్లేడుతో అడ్డంగా గీత కోసి మైనస్ మొన పెట్టడం నేను ఎక్కువగా చేసే పని. అదీ కాకపోతే తలను డ్రిల్లు చేసి తీసేసి, మూత ఊడాక మిగిలిన ముక్కను కట్టింగ్ ప్లేయర్‌తో పట్టి తిప్పాలి.

విప్పే దిశ తప్పు కాదు కదా అని కూడా ఒకసారి చూసుకోండి. టేబుల్ ఫ్యాన్ రెక్కల ముందుండే ప్లాస్టిక్ మూత చాలావాటికి ఉల్టా చుట్టు, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఎండాకాలం మొదట్లో ఫ్యాన్లు కడగడానికి దించినప్పుడు ఎన్ని మూతలు విరుగుతాయో చెప్పలేను.

ఎంత బిగించాలి?

ప్లాస్టిక్‌లోకి పోయే స్క్రూ అయితే తల ఆనిన తర్వాత పావు చుట్టు మించవద్దు. మళ్లీ అదే రంధ్రంలో పెట్టేటప్పుడు ముందు వెనక్కు తిప్పండి, పాత చుట్టులో కూర్చున్నప్పుడు టిక్‌మని కొంచెం కిందికి దిగుతుంది, అప్పుడు బిగించండి. ఇలా చేస్తే మిక్సీ అడుగు రంధ్రాలు ఏళ్ల తరబడి చెడవు. ఎంసీబీ లాంటివాటికి ఎంత బిగించాలో దాని మీదో కాగితంలోనో న్యూటన్ మీటర్లలో రాసి ఉంటుంది. దానికి తగ్గట్టు సెట్ చేసుకుని, అంత బిగువు రాగానే క్లిక్‌మనే టార్క్ స్క్రూడ్రైవర్లు ఉన్నాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పెద్ద ప్యానళ్లు చూసుకునేవాళ్లకు అవి తప్పనిసరి అని నా అభిప్రాయం. ఇంటికి అంత అక్కర్లేదు.

కడ్డీ మీద క్రోమ్ వెనేడియం, ఎస్2 అని ఉంటుంది. ఏది మంచిది?

రెండూ ఉక్కు రకాలే. మామూలు స్క్రూడ్రైవర్‌కు క్రోమ్ వెనేడియం చక్కగా సరిపోతుంది. ఎస్2 దెబ్బలు తట్టుకునే ఉక్కు, మార్చుకునే బిట్లకు బాగుంటుంది. మాట కంటే మొన చూడండి, అంచులు పదునుగా, సమంగా ఉండాలి, మొన మీద పూత మందంగా పూసి మూలలు గుండ్రంగా కనబడితే వదిలేయండి. ఒకే పిడికి ముప్పై బిట్లు వచ్చే చవక సెట్ల కంటే విడిగా మూడు మంచివి నయం.

అయితే ముందు ఏవి కొనాలి?

ఇంటికైతే పీహెచ్2 ఆరంగుళాలది, పీహెచ్1 చిన్నది, నిటారు మొన మైనస్ 3 మిల్లీమీటర్లది ఒకటి, 5.5 ఒకటి. రైతులు స్టార్టర్ డబ్బా దగ్గర పెట్టుకోవడానికైతే ఆ మైనస్‌లు 1000 వోల్ట్ గుర్తు ఉన్నవి తీసుకోండి. దాంతోపాటు ఒక పీజెడ్2. బైకు పని చేసుకునేవాళ్లు జేఐఎస్ 2 నంబరు, ఇంపాక్ట్ డ్రైవర్ కలుపుకోండి. రాట్చెట్, టార్క్స్ సెట్టు అవసరం వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

మొన అరిగిపోయింది. రాయి పట్టించి మళ్లీ వాడొచ్చా?

మైనస్ అయితే వాడొచ్చు. గ్రైండర్ రాయికి కొద్దికొద్దిగా తాకించి ప్రతిసారీ నీళ్లలో ముంచండి, మొన నీలం రంగుకు తిరిగిందంటే ఉక్కు మెత్తబడినట్టే, ఆ భాగం మొత్తం కోసేయాలి. ఆకురాయితో చేత్తో రుద్దితే ఆ భయం ఉండదు, పావుగంట ఎక్కువ పడుతుంది. చివర కత్తిలా పదును చేయకండి, గీతలో నిండుగా కూర్చునేలా చదునుగా మొద్దుగా వదిలేయాలి. ప్లస్, పోజిడ్రైవ్, టార్క్స్ మొనలను ఇంట్లో సరిచేయలేం. ప్లస్ మొనను వెలుతురుకు పెట్టి చూడండి, రెక్కల అంచుల మీద మెరిసే గీత, వేలికి తగిలే మెలిక కనబడితే ఇక దాన్ని డబ్బా మూతలు లేపే పనికి పెట్టి కొత్తది తెచ్చుకోండి.